22 రూపాయల ఓఆర్‌ఎస్ ప్యాకెట్: ఒక వేసవంతా లాంగ్ రన్నుల్లో వాడి చూశాక

ఏప్రిల్ మొదటి వారంలో నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక మెడికల్ షాపుకెళ్లి, విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు పది అడిగాను. ఒక్కోటి 22 రూపాయలు. కౌంటర్లో పిల్లాడు నా వంక కంగారుగా చూసి "ఇంట్లో ఎవరికి బాగలేదన్నా?" అన్నాడు. అందరూ బాగానే ఉన్నారు, పరుగు కోసం అని చెప్పాను. అప్పటి నుంచి ఆ పది అయిపోయి, ఇంకో పది కూడా అయిపోవచ్చాయి. ఇంత వాడాను కాబట్టి నాలాగా మన ఎండల్లో పరిగెత్తేవాళ్ల కోసం రాస్తున్నాను.

స్టోన్‌హౌస్‌పేటలో మాది బియ్యం అంగడి. నాకు 43 ఏళ్లు. మూడేళ్ల నుంచి పరిగెత్తుతున్నాను. హైదరాబాద్ మారథాన్‌లో పోయిన ఆగస్టులో సగం దూరం పూర్తి చేశాను, ఈ ఆగస్టులో మొత్తం 42.195 కిలోమీటర్లు చేయాలని కూర్చున్నాను. తొమ్మిదింటికి అంగడి తెరవాలి కాబట్టి ఏం చేసినా తెల్లారుజామునే. మంగళవారం ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో వేగంగా ముక్కలు ముక్కలుగా, బుధ, గురువారాల్లో ఎనిమిదేసి కిలోమీటర్లు తీరిగ్గా, ఆదివారం లాంగ్ రన్. ఆగస్టు పోటీకి తయారవడమంటే ఏప్రిల్ నుంచి జులై దాకా శిక్షణ. అంటే మనకు సరిగ్గా ఎండాకాలం. రోహిణి కార్తెలో నాలుగింటికి గడప దాటినా 30 డిగ్రీలు ఉంటుంది, గాలి కదలదు, సముద్రం వైపు నుంచి వచ్చిన తేమ ఒంటికి అంటుకుంటుంది. చెమట ఆరదు, కారిపోతుంది. ఒళ్లు చల్లబడాలంటే చెమట ఆరాలి. మన ఊళ్లో రన్నరుకు ఉన్న అసలు కష్టం ఇదే.

పోయిన వేసవిలో ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఈ ప్యాకెట్ విలువ నాకు దాని వల్లే తెలిసింది. మైపాడు రోడ్డు మీద 24 కిలోమీటర్లు పెట్టుకున్నాను. నడుము బెల్టులో 200 మిల్లీలీటర్ల జ్యూస్ డబ్బాలు మూడు. మీద పెద్దక్షరాలతో ఓఆర్‌ఎస్ అని ఉండేసరికి మంచిదే కదా అని కొన్నాను. మూడో డబ్బా తాగాక, తిరుగు దారిలో 19వ కిలోమీటరు దగ్గర కడుపులో మెలిపెట్టింది. నీళ్లు లోపల గడగడా తిరుగుతున్నాయి గానీ నోరు మాత్రం పిడచకట్టుకుపోయింది. రొయ్యల గుంటల పక్కన ఒక తాటిచెట్టు మొదట్లో కూలబడ్డాను. గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు వింటూ అరగంట అక్కడే ఉన్నాను. కాపలా పెద్దాయన ఒకాయన గ్లాసుడు ఉప్పేసిన మజ్జిగ తెచ్చిచ్చి ఆటో ఎక్కించారు. ఆయన పేరు కూడా అడగలేదు, ఆ రోజు తలచుకుంటే నాకు అదే బాధ.

ఇంటికొచ్చి డబ్బా వెనక చదివాను. 200 మిల్లీలీటర్లలో చక్కెర 20 గ్రాములకు పైనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం కలిపిన ఓఆర్‌ఎస్ అయితే అదే 200 మిల్లీలీటర్లలో గ్లూకోజు 2.7 గ్రాములే. అంత తీపి నీళ్లు కడుపులో పడితే తొందరగా లోపలికి పీల్చుకోవు, పైగా పేగులోకే నీళ్లు లాగుతాయి. రన్నరుకే ఇట్టా ఉంటే, విరేచనాలతో ఉన్న పసిపిల్లలకు అమ్మానాన్నలు ఇదే మందనుకుని పట్టించారు. ఆ మోసం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో దేశంలో ఆహార పదార్థాల నిబంధనలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఫార్ములాకు సరిపోని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు నేను అంగడిలో ఫోన్ పట్టుకుని గట్టిగా చదివి అందరికీ వినిపించాను. ఆవిడకు మనమందరం రుణపడి ఉన్నాం.

ఇక ప్యాకెట్ సంగతి. కొనేటప్పుడు వెనక వైపు తిప్పి నాలుగు పేర్లు చూడండి: సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు. రుచి కోసం ఏదైనా కలిపితే బరువు కాస్త పెరుగుతుంది. ఈ కొలతలు కనిపిస్తే కంపెనీ ఏదైనా నాకు ఒకటే. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, వారం మధ్యలో చిన్న పరుగులకు అవి చాలు.

ఇంత కొద్ది గ్లూకోజు ఎందుకంటే, అది బలం కోసం వేసింది కాదట. మా పాప ఇంటర్ బైపీసీ, బొమ్మ గీసి మరీ చెప్పింది. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజు రెండూ జతగా లోపలికి పోయే దారి ఒకటుంది. ఒకటి లేకపోతే రెండోది ఆ దారిన పోదు. అవి పోతే వాటి వెంట నీళ్లు పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. నేను ఆదివారం పొద్దున బాటిల్లో కలుపుకునే పొడి వెనక ఇంత కథ ఉంది.

కలపడం దగ్గర ఒక మాట. తెల్లారుజామున మూడున్నరకు వంటింట్లో లైటు వేసి, అంగడిలో బస్తా దారం కత్తిరించే కత్తెరతో ప్యాకెట్ మూల కోస్తాను. బాటిల్ మూతి సన్నం కాబట్టి పాత బిల్లు కాగితం గరాటులా చుట్టి పోస్తాను. ముందు సగం నీళ్లు, పొడి, గట్టిగా ఊపి, ఆ తర్వాత మిగతా సగం. మొత్తం లీటరు. మొదట్లో నేను చేసిన తప్పు, ప్యాకెట్‌లో సగం ఒక బాటిల్‌కు, సగం ఇంకోదానికి పోయడం. అట్టా చేయకూడదు. ఉప్పు, గ్లూకోజు గింజలు ఒక్క తీరున ఉండవు, ప్యాకెట్ కదిలినప్పుడు వేరుపడతాయి. ఒక సగంలో ఉప్పు ఎక్కువ, రెండో సగంలో తక్కువ పడుతుంది. ఒకసారి కలిపాక 24 గంటల్లో తాగేయాలి, మిగిలితే పారబోయాలి. మరునాటికి దాచుకోవద్దు.

రుచి అంటారా, సాదా రకం కన్నీళ్లలా ఉంటుంది. కమలాపండు రకం వేడెక్కితే మందు వాసన వస్తుంది. నిమ్మరుచిది ఒక్కటే 25వ కిలోమీటరులో, గోరువెచ్చగా అయిపోయాక కూడా గొంతు దిగింది. ఇంకో లోపం, మన తేమకు ప్యాకెట్ మూల కాస్త చిరిగినా లోపల పొడి రాత్రికి రాత్రే గడ్డకట్టేస్తుంది. బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

పని చేసిందా లేదా అనేది కాటా మీద చూసుకున్నాను. బియ్యం అంగడి వాడికి అది సులువే. జూన్ రెండో ఆదివారం పరుగుకు ముందు అంగడి షట్టరు సగం ఎత్తి, నిక్కరుతో కాటా ఎక్కాను: 71.4 కిలోలు. పెన్నా వంతెన దాటి జొన్నవాడ వైపు వెళ్లి రెండు గంటల పది నిమిషాల్లో తిరిగొచ్చాను. దారిలో లీటరు ఓఆర్‌ఎస్ తాగాను, మధ్యలో ఎక్కడా ఆగలేదు. వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ ఎక్కితే 69.9. తగ్గింది కిలోన్నర, తాగింది లీటరు. అంటే ఒంట్లోంచి పోయింది రెండున్నర లీటర్లు, గంటకు లీటరు పైచిలుకు. బరువులో తగ్గుదల రెండు శాతం దగ్గర ఉంటే ఫరవాలేదంటారు, నాది ఆ గీత మీదే ఉంది. మార్చిలో వట్టి నీళ్లతో ఇంచుమించు ఇంతే దూరం పరిగెత్తినప్పుడు సాయంత్రం దాకా తలనొప్పి, అంగడిలో లెక్కలు రెండుసార్లు తప్పాను. ఈసారి స్నానం చేసి, ఇడ్లీ తిని, తొమ్మిదింటికి గల్లాపెట్టె ముందు మామూలుగా కూర్చున్నాను.

నా నల్ల టీషర్టు ఆరాక చూస్తే వీపు మీద తెల్లటి చారలు, చంకల దగ్గర నుంచి నడుము దాకా, ఎండిన చెరువు గట్టు మీద నీటి గీతల్లా. వేలితో గీకితే ఉప్పు పొట్టులా రాలింది. అందరి చెమటా ఇంత ఉప్పగా ఉండదు. లీటరు చెమటలో సోడియం మనిషిని బట్టి 20 నుంచి 80 మిల్లీమోల్ (ఉప్పు లాంటివి కొలిచే లెక్క) దాకా ఉంటుంది. ఓఆర్‌ఎస్‌లో 75. మామూలు ఆటల డ్రింకుల్లో 20 చుట్టుపక్కల. మీ టీషర్టు మీద చారలు రాకపోతే మీకు ఇంత ఉప్పు అక్కర్లేకపోవచ్చు. అందుకే నేను ఇప్పుడు ఒక బాటిల్ ఓఆర్‌ఎస్, ఒక బాటిల్ మంచినీళ్లు పట్టుకెళ్లి, మార్చి మార్చి తాగుతాను. ఓఆర్‌ఎస్‌ను మాత్రం పలచన చేయను, కొలత కొలతే.

ఇంకో విషయం మన రన్నర్లకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఎండ అని భయపడి దాహం లేకపోయినా లీటర్లు లీటర్లు తాగి, రక్తంలో సోడియం పలచన చేసుకునేవాళ్లున్నారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉంది. పోటీలో బరువు పెరిగినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. పరిగెత్తి వచ్చాక కాటా మీద బరువు పెరిగి ఉంటే మీరు ఎక్కువ తాగారన్నమాట. ఓఆర్‌ఎస్ తాగాం కదా అని ఆ ముప్పు నుంచి తప్పించుకోలేం. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఓఆర్‌ఎస్ ముట్టుకోవద్దు. మా నాన్నకు బీపీ, ఆ డబ్బా ఆయనకు అందకుండా పై అరలో పెట్టాను.

ఇది ఆకలి తీర్చదు. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఒక మూలకు రాదు, లాంగ్ రన్‌లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మొదటి నెల ఇది తెలియక 22వ కిలోమీటరు దాటాక కాళ్లు బరువెక్కి నడిచాను. ఇప్పుడు జేబులో ఖర్జూరాలు, పల్లీ చిక్కీ కాకుండా వట్టి బెల్లం ముక్కలు. పరిగెడుతూ పల్లీలు నమలడం కష్టం. పిక్కలు పట్టేయడం కూడా దీనితో ఆగలేదు, మొదటి ఐదు కిలోమీటర్లు నెమ్మదిగా పోవడం నేర్చుకున్నాకే తగ్గింది.

మా అంగడిలో బస్తాలు మోసే ముఠా మేస్త్రికి ఈ ప్యాకెట్లు మొదట నచ్చలేదు. "ఏందన్నా ఈ పొడి, ఇంత బియ్యం పెట్టుకుని. గంజిలో ఉప్పేసుకుని తాగు" అన్నాడు. ఆయన మాట తీసేయలేం, బియ్యప్పిండితో చేసే ఓఆర్‌ఎస్ కూడా ఉంది, కలరాలో బాగా పనిచేస్తుంది. రెండు ఆదివారాలు మొలగొలుకుల బియ్యం గంజి పలచగా వార్చి, ఉప్పేసి పట్టుకెళ్లాను. పరుగుకు ముందు రాత్రి తాగితే హాయిగా ఉంది. పరిగెత్తుతూ తాగితే కడుపులో బరువు, ఏడింటి ఎండకు బాటిల్ పులుపెక్కింది. గంజి ఇంట్లోకి, ప్యాకెట్ రోడ్డు మీదకి అని ఇద్దరం ఒప్పుకున్నాం. మే నెలలో 42 డిగ్రీల పడమటి గాలిలో లారీ దించేటప్పుడు మేస్త్రి తనే వచ్చి "ఆ నిమ్మకాయది ఒకటియ్యన్నా" అన్నాడు. ఇప్పుడు కాటా పక్కన కుండ మీద ఒక లీటరు జగ్గు, స్టీలు డబ్బాలో ప్యాకెట్లు ఎప్పుడూ ఉంటాయి. జగ్గు మీద మార్కర్ పెన్నుతో లీటరు గీత గీశాను, ఆ గీత దాకా నీళ్లు పోశాకే గ్లాసుల్లోకి వంచాలని అందరికీ చెప్పాను.

వచ్చే ఆదివారం 32 కిలోమీటర్లు, శిక్షణలో అన్నిటికన్నా పొడుగు పరుగు. రెండు ప్యాకెట్లు, రెండు నీళ్ల బాటిళ్లు, పది ఖర్జూరాలు. ఒక బాటిల్ ముందురోజు రాత్రే జొన్నవాడ గుడి దగ్గర మా సరుకు తీసుకునే కొట్లో పెట్టి వస్తాను. హైదరాబాద్‌కు తీసుకుపోవడానికి నిమ్మరుచివి నాలుగు విడిగా చుట్టి పెట్టాను, కాటాకు ఎడమవైపు సొరుగులో.