బీఎస్సీ నర్సింగ్ రివ్యూ: కోర్సుకి నాలుగున్నర స్టార్లు, నేను చదివిన కాలేజీకి రెండు

ఇంటర్ ఫలితాలొచ్చాయంటే చాలు, మా ఊళ్లో బైపీసీ పిల్లల అమ్మానాన్నలు నన్ను రోడ్డు మీద ఆపేస్తారు. "నర్సింగులో చేర్పిస్తే ఎట్టా ఉంటది అబ్బాయ్? మగపిల్లోడివి, నువ్వు చదివావుగా?" అని. అందరికీ నిలబడి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. మాది పల్నాడు, వినుకొండ వైపు పల్లె. నీట్ ర్యాంకుకి ఎంబీబీఎస్ సీటు రాదని తేలిపోయాక గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ చేశాను. కాలేజీ పేరు రాయను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి రావడానికే ఎన్ని తిప్పలు పడ్డానో నాకు తెలుసు, మళ్లీ వాళ్లతో పేచీ ఎందుకు?

కోర్సు మాత్రం బంగారం. మాది సెమిస్టర్ పద్ధతిలో మొదటి బ్యాచ్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సిలబస్ మార్చి నాలుగేళ్లని ఎనిమిది సెమిస్టర్లు చేసింది. దాంతో సీనియర్లు ప్రేమగా ఇచ్చిన నోట్సు మాకు సగమే పనికొచ్చాయి. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, నర్సింగ్ ఫౌండేషన్స్. ఇంటర్లో జువాలజీ ఒళ్లు దాచుకోకుండా చదివినవాళ్లకి వీటితో బెదురు లేదు. ఫార్మకాలజీ వచ్చే రెండో ఏడాదిలో తెలుస్తుంది అసలు సంగతి. అక్కడ లెక్కలు కూడా రావాలి. 500 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెలైన్ గొట్టం సెట్టు మిల్లీలీటరుకి 20 చుక్కలు వేసేదైతే నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టాలి? 21. పరీక్షలో ఈ లెక్క తప్పితే మార్కులు పోతాయి, వార్డులో తప్పితే గుండెజబ్బు మనిషికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. "లెక్కలు తప్పించుకోవడానికే బైపీసీ తీసుకున్నా" అనేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

ఇక కాలేజీ. నాలుగంతస్తుల బిల్డింగు, ఏసీ సెమినార్ హాలు, స్కిల్ ల్యాబులో కొత్త బొమ్మలు. అడ్మిషన్ రోజున మా నాన్న ఆ ల్యాబు చూసి పొంగిపోయాడు. నర్సింగ్ నేర్చుకునేది బొమ్మ మీద కాదు, మంచం మీద ఉన్న మనిషి దగ్గర. నర్సింగ్ కాలేజీకి సొంత ఆసుపత్రో, అనుబంధ ఆసుపత్రో ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్ల లెక్కన ఉండాలి అన్నది రూలు. మా వాళ్లకీ ఆసుపత్రి ఉంది. మంచాలూ ఉన్నాయి, దుప్పట్లూ ఉన్నాయి, లేనిదల్లా పేషెంట్లే. వార్డుకి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు, జ్వరమొచ్చినవాళ్లు. అందులో ఒక ముసలాయనకి మా బ్యాచ్‌లో పదిమందిమి వరసపెట్టి బీపీ చూస్తే ఆయన చెయ్యి కందిపోయింది. "బాబూ, బీపీ లేకపోయినా మీరే తెప్పిస్తారు" అన్నాడు. మిగతా టైమంతా ఖాళీ మంచాల మీద దుప్పటి మూలలు మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలు దిగేవి, మంచాలన్నీ నిండేవి, సాయంత్రానికి అందరికీ రోగం నయమయ్యేది.

నాకు వచ్చిన పని ఏదన్నా ఉందంటే అది ప్రభుత్వ పెద్దాసుపత్రి పోస్టింగులో వచ్చిందే. అక్కడ జనరల్ మెడిసిన్ వార్డులో ఒక హెడ్ సిస్టర్ ఉండేవారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, గొంతు వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి వినబడేది. కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం, పెట్టడం నాకు నేర్పింది ఆవిడే. నేను నరం కోసం పేషెంటు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, "కళ్లతో ఏం వెతుకుతావురా, వేలితో వెతుకు" అని నా చూపుడువేలు పట్టుకుని మణికట్టు పైన ఆనించారు. నొక్కితే అణిగి, వదిలితే పైకి లేచేది నరం. గట్టిగా తాడులా తగిలేది కాదు. సూది పెట్టే చోటుకి నాలుగు వేళ్లు పైన టోర్నికెట్ (నరం ఉబ్బేలా బిగించే పట్టీ) కట్టడం, స్పిరిట్ తడి ఆరేదాకా ఆగడం, చర్మాన్ని కిందికి లాగిపట్టి సూదిమొన కోసు పైకి ఉండేట్టు వాలుగా పంపడం, వెనక గొట్టంలో రక్తం మెరవగానే సూదిని ఆపి ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం ముందుకి జార్చడం. టోర్నికెట్ విప్పాకే సూది బయటికి తీయాలి. విప్పకుండా తీస్తే దుప్పటంతా రక్తమే, పక్క మంచం వాళ్ల అరుపులు అదనం. కాన్యులా సైజుకో రంగు: పెద్దవాళ్లకి గులాబీ రంగు 20, నరాలు సన్నగా ఉంటే నీలం 22, పసిపిల్లలకి పసుపు 24. ఈ రంగులు పుస్తకంలోనూ ఉంటాయి. కానీ ముసలామె చెయ్యి పట్టుకున్నప్పుడు గులాబీ వదిలేసి నీలం తీయాలని చెయ్యికి తెలియాలంటే ఆ వార్డులోనే తిరగాలి.

అక్కడా ఒక తిరకాసుంది. మా వెంట కాలేజీ నుంచి ట్యూటర్ మేడమ్ రావాలి, పక్కన నిలబడి చేయించాలి. పదిమంది విద్యార్థులకి ఒక టీచరు అని రూలు. మావాళ్లు బస్సు దిగగానే అటెండెన్సు తీసుకుని క్యాంటీన్ వైపు వెళ్లేవారు. హెడ్ సిస్టర్ మంచివారు కాబట్టి సరిపోయింది. ఆమె స్థానంలో మొహం తిప్పుకునేవాళ్లుంటే నేనూ ఫైళ్లు మోసుకుంటూ, శాంపిళ్లు ల్యాబుకిచ్చి వస్తూ బయటపడేవాణ్ణి. మా బ్యాచ్‌లో అట్లా బయటపడ్డవాళ్లు లేకపోలేదు.

మగపిల్లల అమ్మానాన్నలు గుసగుసగా అడిగేది లేబర్ రూమ్ గురించి. అవును, మిడ్‌వైఫరీ మగపిల్లలకీ ఉంది, తప్పించుకునే వీల్లేదు. పేషెంటు అత్తగారు "మగపిల్లోడు లోపల ఎందుకమ్మా" అని గుమ్మంలోనే ఆపేసిన రోజులున్నాయి. ఆమెదీ తప్పు కాదు. నేను ముందు ఆ తల్లినే అడిగేవాణ్ణి. వద్దంటే పుట్టిన బిడ్డని తూచడం, విటమిన్ కె ఇంజెక్షన్, అటువైపు పనులు చూసుకునేవాణ్ణి. సరేనంటే పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గుర్తుపెట్టే చార్టు) పట్టుకుని అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని చుక్కలు పెట్టేవాణ్ణి. చేసిన పనులు రాసి సంతకాలు చేయించుకునే లాగ్‌బుక్‌లో ఇన్ని కాన్పులని లెక్క ఉంటుంది, అది నిండాలి. మా కాలేజీలో కొందరి లాగ్‌బుక్కులు ఒక్క కాన్పు చూడకుండానే నిండాయి. అంతకంటే ఏం చెప్పను. డిగ్రీ అయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ చేసుకుంటే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్), ఆర్ఎమ్ (రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) అని రెండూ వస్తాయి. అంటే నేనూ మంత్రసానినే. మా నాయనమ్మకి ఈ సంగతి చెబితే నవ్వాపుకోలేకపోయింది.

మానసిక రోగుల పోస్టింగుకి విశాఖలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి పంపారు. మన రాష్ట్రంలో చాలా కాలేజీల పిల్లలు అక్కడికే వస్తారు. పేషెంటు అన్న మాట, మనం అన్న మాట, దానికి మన అర్థం, అన్నీ గళ్లు కట్టి రాయాలి. నాకు బాగా నచ్చిన పోస్టింగు అదే, వినడం ఒక పని అని అక్కడే అర్థమైంది. కమ్యూనిటీ పోస్టింగు ఎండాకాలంలో పడింది. ఆశా అక్క వెంట సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, బుధ, శనివారాల్లో ఏఎన్ఎం అమ్మ దగ్గర టీకాలు.

చివరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే, 22 వారాలు, వారానికి 48 గంటలు. నేర్చుకోవాలనుకునేవాడికి ఇది వరం. స్టాఫ్ నర్సుల కొరత ఉన్నచోట యాజమాన్యానికి ఇంకా పెద్ద వరం. మాకు వరసగా నైట్ డ్యూటీలు వేసి, దాన్ని చదువే అన్నారు.

డబ్బు సంగతి. కాలేజీ చెప్పే ఫీజు ఒక్కటే చూడకండి. యూనిఫామ్, బస్సు, రికార్డు పుస్తకాలు, పెద్దాసుపత్రికి కట్టాలంటూ తీసుకునే క్లినికల్ ఫీజు, విశాఖలో హాస్టలు, ఇవన్నీ విడివిడిగా వస్తాయి. మొత్తం రాసివ్వమని అడగండి. రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడ్డవాళ్లయితే, ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపుతారా అని సూటిగా అడగండి. నావి ఆపారు. మా అమ్మ మిరపకాయల కోతకి వెళ్లి దాచుకున్న డబ్బు తెచ్చి కడితే గానీ వదల్లేదు.

ఇంకొక చిన్న చికాకు, దీనికి కాలేజీ బాధ్యత లేదు. మేం చదువుతుండగానే మా యూనివర్సిటీ పేరు 2022లో డాక్టర్ ఎన్టీఆర్ నుంచి డాక్టర్ వైఎస్సార్ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. మా బ్యాచ్‌లో విదేశాలకి ప్రయత్నించేవాళ్లు ఈ రెండు పేర్లూ ఒకే యూనివర్సిటీవని కాగితం దగ్గర పెట్టుకోండి.

చదివాక ఏముంటుందంటే, విజయవాడ కార్పొరేట్ ఆసుపత్రుల్లో నాకు మొదట చెప్పిన జీతాలు పదిహేను, పద్దెనిమిది వేల మధ్య. అదే ఎయిమ్స్ వాళ్ల ఉద్యోగ పరీక్ష నార్‌సెట్ రాసి నర్సింగ్ ఆఫీసర్ అయితే మూల వేతనమే 44,900. మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది. ఆ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకి, 20 శాతం మగవాళ్లకి, కాబట్టి మగపిల్లలు ఇంకాస్త గట్టిగా చదవాలి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లయితే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసుండాలి, బీఎస్సీ వాళ్లకి ఆ షరతు లేదు. మూడేళ్ల జీఎన్ఎమ్మా, నాలుగేళ్ల బీఎస్సీనా అని ఊగిసలాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అమెరికాకైతే ఎన్‌సీలెక్స్ అనే లైసెన్సు పరీక్ష, దాన్ని హైదరాబాద్‌లోనే రాయొచ్చు. జర్మనీకైతే భాషలో బీ2 స్థాయి దాకా రావాలి.

మా చెల్లెలు ఇప్పుడు బైపీసీ. దాన్ని ఈ కోర్సులోనే చేరుస్తున్నా, ఆ కాలేజీలో మాత్రం కాదు. ఈ మధ్య దాన్ని తీసుకుని రెండు కాలేజీలకి వెళ్లొచ్చాను. ఎవరికీ చెప్పకుండా మామూలు రోజున, పొద్దున పదింటప్పుడు ముందు వాళ్ల ఆసుపత్రికి వెళ్లి నిండిన మంచాలు లెక్కపెట్టాం. తర్వాత ఆఫీసులో ఫైనలియర్ పిల్లల లాగ్‌బుక్ చూపించమన్నా. మొదటిచోట "అవి బయటివాళ్లకి చూపించం" అన్నారు. రెండోచోట ప్రిన్సిపాల్ మేడమ్ ఒక పిల్లని పిలిపించి, "నీ పుస్తకం అన్నకి చూపించమ్మా" అన్నారు. పేజీపేజీకీ వేరువేరు తేదీలు, వేరువేరు సంతకాలు, ఒకచోట బెటాడిన్ మరక. ఆ కాలేజీ బిల్డింగుకి ఇంకా సున్నం కూడా వేయలేదు. అడ్మిషన్ ఫారం అక్కడే తీసుకున్నాం.