జరిమానా కట్టి ఊరుకోవడమా, ట్రాఫిక్ స్కూలుకు వెళ్లడమా?

కాలిఫోర్నియాలో అతివేగానికో, ఎర్రదీపం దాటినందుకో టికెట్ పడినప్పుడు, జరిమానా చెల్లిస్తే వ్యవహారం ముగిసిందని మనవాళ్లలో చాలామంది భావిస్తారు. అయితే చెల్లించడమంటే నేరం ఒప్పుకున్నట్టే; లైసెన్సు రికార్డులో ఆ తప్పుకు గుర్తుగా ఒక పాయింటు చేరి మూడేళ్లకు పైగా నిలుస్తుంది, దాన్ని చూసి బీమా సంస్థ ప్రీమియం పెంచవచ్చు.

కోర్టు అనుమతితో ట్రాఫిక్ స్కూలు, అంటే రోడ్డు నియమాల పాఠాలు, పూర్తిచేస్తే నేరం రికార్డులోంచి చెరిగిపోదు గాని గోప్యంగా ఉంటుంది, కాబట్టి బీమా సంస్థకు ఆ పాయింటు కనిపించదు. జరిమానా తప్పుతుందన్నది మాత్రం వట్టి భ్రమ: అదంతా కట్టాలి, పైన కోర్టు రుసుము, స్కూలు రుసుము. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని పాఠాలు చదివి, చివర పరీక్ష రాస్తే, పూర్తిచేసిన సమాచారాన్ని స్కూలే పంపుతుంది.

ఈ వెసులుబాటు 18 నెలలకు ఒక్కసారే. వేగ పరిమితి కన్నా గంటకు 25 మైళ్లకు మించి ఎక్కువ వేగంతో నడిపితే కోర్టు గుమస్తా మంజూరు చేయలేడు, న్యాయమూర్తినే అడగాలి. మద్యం మత్తులో నడిపిన కేసులకు అసలు వర్తించదు. అర్హత ఉంటే నేను ట్రాఫిక్ స్కూలు వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఒక్క ఆదివారం పోతుందేమో గాని, ఏళ్ల తరబడి అదనపు ప్రీమియం కట్టే బెడద తప్పుతుంది.