సోమశిల వెళ్లి స్కైరిమ్ కొనుక్కొచ్చాం

సోమశిల చూడ్డానికి వెళ్లిన ప్రయాణంలో స్కైరిమ్ అనే వీడియో గేమ్ కొనాలా వద్దా అన్నది తేలిన కథ ఇది. ముందు మేము దిగిన లాడ్జి సంగతి చెప్పి తీరాలి. కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు దగ్గరలోని ఒక పట్టణంలో, బస్టాండుకు ఎదురుగా ఉంటుంది. పేరు రాయను. ముగ్గురికి ఏసీ గది 1,800 రూపాయలని ఫోనులో చెప్పారు. తీరా వెళ్లాక 500 రూపాయలు అడ్వాన్సు వేరుగా కట్టించుకుని, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇస్తామన్నారు. గదిలో ఏసీ ఉంది, రిమోట్ లేదు. అడిగితే దానికి మరో 200 కట్టాలన్నారు. పక్క మీద మాకంటే ముందు పడుకున్నవాళ్ల తలవెంట్రుకలు అలాగే ఉన్నాయి. దుప్పటి మార్చమంటే కుర్రాడు వచ్చి దాన్నే దులిపి, తిరగేసి పరిచి వెళ్లాడు. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు అని గోడ మీద రాసి ఉంది. ఆరున్నరకు కుళాయి తిప్పితే తుప్పు రంగులో చన్నీళ్లు వచ్చాయి. బయలుదేరేటప్పుడు అడ్వాన్సు అడిగితే తువ్వాలు మీద మరక పడిందని ఆ 500 ఉంచేసుకున్నారు. మాకు ఇచ్చేటప్పుడే ఆ తువ్వాలు మీద మరక ఉంది. కౌంటరులో ఉన్న మనిషి మేము మాట్లాడుతున్నంత సేపూ తల ఎత్తి చూడలేదు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు.

వెళ్లింది ముగ్గురం: నేను, మా బావ, మా మేనల్లుడు. వాడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, పద్దెనిమిది నిండాయి. దసరా సెలవుల్లో నల్లగొండ నుంచి బావ కారులో బయలుదేరాం. దేవరకొండ, డిండి, అచ్చంపేట మీదుగా సోమశిల చేరి, తిరుగుదారిలో పాలమూరు చూసుకుని రావాలన్నది మా ఆలోచన. మూడు రోజులకు పెట్రోలు 3,100 అయింది.

మేనల్లుడికి ఇంకో పని కూడా ఉంది. ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్ అనే వీడియో గేమ్ కొనుక్కోవాలని వాడి పట్టుదల. 2011 నవంబరు 11న విడుదలైన ఆట అది. అమెరికాలోని బెథెస్డా సంస్థ తయారు చేసింది. ‘అంత పాత ఆటకు డబ్బు పెట్టడమేమిటి?’ అన్నది బావ అభ్యంతరం. నిజానికి అప్పటికే వాడు ఒకసారి మోసపోయి ఉన్నాడు. హైదరాబాదులో ఒక దుకాణంలో 900 రూపాయలకు డిస్కు కొన్నాడు. పెట్టె కొత్తదిలాగే ఉంది, లోపలి సంకేత సంఖ్యను మాత్రం అంతకుముందే ఎవరో వాడేశారు. కంప్యూటర్‌లో ఈ ఆట స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోని ఖాతాకు ముడిపడి ఉంటుంది, ఒక సంఖ్య ఒక్క ఖాతాకే పనికొస్తుంది. డిస్కు చేతిలో ఉన్నా ఆట లేదు. తిరిగి వెళ్తే, తెరిచిన పెట్టె వెనక్కి తీసుకోం అన్నారు. అప్పటి నుంచి బావకు ఆ ఆట పేరు చెబితేనే మంట. చివరకు తీర్పు నాకు అప్పగించారు. వాళ్ల పెదనాన్న కొడుకు ఖాతాలో ఉన్న ఆటను మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌లోకి దింపుకొని వెంట తెచ్చాడు. ‘మామా, మూడు రాత్రులు చూడండి, తర్వాత మీరు ఏమంటే అది’ అన్నాడు.

మొదటి రోజు దేవరకొండ. నల్లగొండ నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. రేచర్ల పద్మనాయకుల కోట అది, ఏడు కొండల నడుమ ఉంటుంది. నల్లగొండలో పుట్టి పెరిగి నలభై రెండేళ్లకు ఆ కోట ఎక్కాను. ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదా అని బాధ వేసింది. బురుజులు, ద్వారాలు, కోనేళ్లు, కూలిన గుడులు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి. దారి తెలియక నిలబడితే మేకలు కాస్తున్న ఒక ముసలాయన చేతికర్రతో చూపించాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగి రెండు అరటిపండ్లు తీసుకున్నాడు. నీళ్లు మీరే తీసుకెళ్లండి, మనిషికి రెండు లీటర్లు తక్కువ కాకుండా. పొద్దున ఏడింటికే మొదలుపెట్టండి.

బావ మాత్రం ఎక్కలేకపోయాడు. ఆయనకు మోకాళ్లు అరిగాయి. రెండో ద్వారం దాకా వచ్చి, రాతి మీద కూర్చుండిపోయాడు. ‘మీరు వెళ్లి రండి’ అన్నాడు. దిగి వచ్చేసరికి రెండున్నర గంటలైంది. పైన ఏముందని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. డిండి దాటేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

సోమశిల మాత్రం కడుపు నిండా నచ్చింది. శ్రీశైలం జలాశయం నిండి ఉంది, కృష్ణ సముద్రంలా పరుచుకుని ఉంది. జలాశయంలో ముంపుకు గురికాకుండా ఇక్కడి గుళ్లను తరలించి మళ్లీ కట్టారు. అవతలి ఒడ్డు వైపు సంగమేశ్వరం గుడి ఆ రోజుల్లో నీళ్ల అడుగునే ఉంటుంది, వేసవిలో నీరు తగ్గాకే బయటపడుతుంది. మర పడవకు ముగ్గురికీ కలిపి 900 ఇచ్చాం. బండి నిలిపినందుకు ఒకడు వచ్చి 50 రూపాయలు వసూలు చేశాడు. చీటీ మీద ఏ ముద్రా లేదు, ఎవరి తరఫున అని అడిగితే కసిరాడు. బావ గొడవ ఎందుకని ఇచ్చేశాడు.

చీకటి పడ్డాక రేకుల కప్పు కింద ఒకావిడ పొయ్యి వెలిగించి జొన్న రొట్టెలు చేస్తోంది. రొట్టె 15 రూపాయలు. ఆ రోజు పట్టిన చేపల పులుసు గిన్నె 120. నేను హోటళ్లలో చాలా చోట్ల చేపలు తిన్నాను, ఇంత మంచి పులుసు తినలేదు. చింతపండు పులుపు నాలుకను కొట్టకుండా, మెంతి వాసన చివర్లో తగిలేలా, ముక్క చెదరకుండా ఉంది. రొట్టె పెనం మీద పొంగి దిగగానే విస్తరిలో వేసింది. బావ ఆరు రొట్టెలు తిన్నాడు. పచ్చి పులుసు అడిగితే లేదని, ఇంట్లోంచి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తెచ్చి అప్పటికప్పుడు కలిపి ఇచ్చింది. దానికి డబ్బు వేయలేదు. ముగ్గురికీ 555 అయింది, 600 ఇచ్చాం.

అంత మంచి భోజనం చేసి ఆ లాడ్జిలో అడుగుపెట్టాం.

నిద్ర పట్టే గది కాదు కాబట్టి మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచాడు. అప్పటికి ఆటలో వాడు నడిపించే మనిషి రిఫ్టెన్ అనే ఊరి ద్వారం దగ్గర ఉన్నాడు. కాపలాదారు అడ్డం నిలబడి, లోపలికి వెళ్లాలంటే సందర్శకుల పన్ను కట్టమన్నాడు. పన్ను ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. ‘ఇవ్వకు’ అన్నాడు. తెర మీద జవాబుల్లో ఒకటి, ఇది పన్ను కాదు దోపిడీ అని మొహం మీద చెప్పడం. మేనల్లుడు అదే నొక్కాడు. కాపలాదారు తగ్గి, గట్టిగా అరవవద్దని చెప్పి, తలుపు తీశాడు. పొద్దున యాభై రూపాయలు పోగొట్టుకున్న మనిషికి ఆ తలుపు తెరుచుకోవడం ఎంత హాయినిచ్చిందో పక్కన కూర్చుని చూశాను. ఆ క్షణం నుంచి ఈ ఆటను నేను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాను.

ఆటలోని ఆ దేశంలో ప్రయాణానికి ఎంత ఖర్చవుతుందో కూడా రాస్తాను. సత్రంలో గది పది బంగారు నాణేలు. వైట్‌రన్ ఊళ్లోని బానర్డ్ మేర్ సత్రంలో యజమానురాలు తానే ముందు నడిచి గది చూపిస్తుంది. అక్కడ పడుకుని లేస్తే ఎనిమిది గంటల పాటు విద్యలు పది శాతం తొందరగా పట్టుబడతాయి. పెద్ద ఊళ్లకు గుర్రబ్బండి 20 నాణేలు, చిన్న ఊళ్లకు 50. సొంత గుర్రం 1,000. వైట్‌రన్‌లో చిన్న ఇల్లు 5,000. ధర ఎంత చెబితే అంతే తీసుకుంటారు, అడ్వాన్సు లేదు. పటం మీద ఊరి గుర్తు నొక్కితే క్షణంలో చేరిపోయే సౌకర్యం కూడా ఉంది. అది వాడకండి, ఇది నా గట్టి మాట. దాన్ని వాడినవాళ్లకు ఈ ఆటలో మిగిలేది కత్తియుద్ధం, అది ఈ ఆటలో బలహీనమైన భాగం. దారి వదిలి కొండ ఎక్కితే కూలిన బురుజు, దాని వెనుక గుహ, గుహ అడుగున ఎప్పుడో అంతరించిన జాతి కట్టిన యంత్రాలు, ఇంకా కిందికి దిగితే బ్లాక్‌రీచ్ అనే పాతాళ నగరం. ఏ బోర్డూ లేకుండా దేవరకొండ మీద మేము చూసినవన్నీ అలా చూసినవే.

ఇక బావ సంగతి. పదకొండు దాటాక, ‘ఇందులో ఎక్కడానికి కొండ ఏదైనా ఉందా?’ అని అడిగాడు. ఉంది. ఐవర్‌స్టెడ్ అనే పల్లె నుంచి ఏడు వేల మెట్లని పేరున్న దారి, పైన హై హ్రోత్‌గార్ అనే మఠం. అక్కడి వృద్ధులు మౌనంగా ఉంటారు, వాళ్ల గొంతులో అంత శక్తి ఉంది మరి. దారి పొడుగునా పది రాతి ఫలకాలు. బావ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. మేనల్లుడు పరుగెత్తే మీట చూపిస్తే వద్దన్నాడు. ఒక్కో ఫలకం దగ్గర ఆగి, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివాడు. మధ్యలో మంచు రాక్షసుడు వచ్చి రెండుసార్లు చంపాడు. మూడోసారి మేనల్లుడు సాయం పట్టాడు. కరెంటు పోయింది, బ్యాటరీ మీద నడిచింది. పైకి చేరేసరికి ఒంటిగంట. మఠంలోకి వెళ్లబోతే, ‘ఆగు, ముందు ఇక్కడి నుంచి చూడనీ’ అన్నాడు. మంచు తెరిపివ్వగానే కింద లోయ కనబడింది. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

లోపాలు లేవని నేను అనను. కాపలాదారులు ఊరూరా అవే మాటలు మాట్లాడతారు. సత్రాల్లో గాయకులకు వచ్చినవి నాలుగైదు పాటలే. సమాధుల్లో లేచొచ్చే శవాలను పదోసారి చూసేసరికి విసుగు పుడుతుంది. మంత్రవిద్య అంతగా రాకపోయినా మంత్రవిద్యాలయానికి పెద్దను చేసేస్తారు, అది నాకు అసలు నచ్చలేదు. చేసిన పనికి లోకంలో మిగిలే గుర్తు తక్కువ. వెంట వచ్చే లిడియా ఇరుకు గుమ్మాల్లో అడ్డం నిలబడుతుంది. ఆట హఠాత్తుగా ఆగిపోవడమూ ఉంది, మాకు మూడు రాత్రుల్లో రెండుసార్లు అయింది. అందుకే ఆడినంత వరకు గంటకోసారి భద్రపరచుకోవాలి. తెలుగు లేదు, ఇంగ్లీషు చదవగలగాలి. మొదటి పది నిమిషాల్లోనే తల నరికే దృశ్యం ఉంది, ఇది పెద్దల ఆట. పదేళ్ల పిల్లవాడికి కానుకగా ఇవ్వకండి.

కొనేవాళ్లు ఇది చూసుకోండి. 2011 నాటి మూల ప్రతి జోలికి వెళ్లకండి. 2016 అక్టోబరులో వచ్చిన స్పెషల్ ఎడిషన్ కొనండి. డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్, డ్రాగన్‌బార్న్ అనే మూడు అదనపు భాగాలూ అందులోనే వస్తాయి. 2021లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం మొదటిసారి ఆడేవాళ్లకు అనవసరం. కంప్యూటర్‌లో ఎనిమిది జీబీ ర్యామ్, 12 జీబీ ఖాళీ జాగా కావాలి. మావాడి ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, చిత్రాల నాణ్యత తగ్గిస్తే నడిచింది. పూర్తి ధరకు కొనకండి, ఏడాదిలో చాలాసార్లు బాగా తగ్గిస్తారు. డిస్కు మాత్రం ఏ దుకాణంలోనూ కొనవద్దు, ఎంత తక్కువకు ఇస్తానన్నా సరే.

మర్నాడు పొద్దున లాడ్జిలో ఆ 500 పోయాయి. పాలమూరులో పిల్లలమర్రి చూశాం. చెదలు పట్టి ఒరిగిపోతుంటే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించుకున్న చెట్టు అది. చూడదగ్గది, ఎక్కువ రాయడానికి ఏమీ జరగలేదు.

నల్లగొండ చేరిన మూడు వారాలకు తగ్గింపు వచ్చింది, నాలుగో వంతు ధరకే. ఆ లాడ్జిలో ఒక్క రాత్రికి ఇచ్చిన దానిలో సగం కూడా కాలేదు. డబ్బు బావే కట్టాడు. ఇప్పుడు మేనల్లుడు కాలేజీకి వెళ్లిన వేళల్లో ఆయన ఆడుతున్నాడు. నిన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడి దాకా వచ్చావని అడిగాను. వైట్‌రన్ నుంచి ఉత్తరాన వింటర్‌హోల్డ్‌కు వెళ్తున్నాడట. బండి ఎక్కవచ్చు కదా, యాభై నాణేలేగా అన్నాను.

‘నడిచే వెళ్తున్నాను బామ్మర్దీ’ అన్నాడు.