లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ, లాంకాస్టర్ కౌంటీ సిరీస్‌లు: ఏది ఎంతవరకు చదవాలి

ముందే చెప్పేస్తున్నా, అమెరికా క్రైస్తవ ప్రచురణకర్తలు వేసే ఈ చారిత్రక, ఆమిష్ (కార్లు, కరెంటు వద్దనుకుని పాతకాలపు పద్ధతిలో బతికే ఒక క్రైస్తవ సమాజం) ప్రేమ నవలల్లో హీరో హీరోయిన్లు చెయ్యి పట్టుకోవడానికే సగం పుస్తకం అయిపోతుంది, కాబట్టి ఘాటైన రొమాన్స్ కావాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. నేను వీటిని ఇళ్ల కోసం చదువుతాను. ఎవరు వండుతున్నారు, ఎవరు అలిగారు, మొదటి భార్య పిల్లని రెండో ఆవిడ ఎలా దగ్గరికి తీసుకుంది, పెళ్లి పీటల మీద నుంచి కూతురు లేచిపోతే ఆ తండ్రి మర్నాడు పొలంలోకి ఏ మొహంతో వెళ్లాడు, ఇలాంటివి. అవి నడుస్తున్నంతసేపు పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. పాత్రలన్నీ కూర్చుని ప్రేమ గురించో దేవుడి గురించో పేజీలకి పేజీలు చెప్పుకోవడం మొదలెట్టాయంటే మాత్రం నాకు ఆవలింతలు.

ఈ తరహాలో పుస్తకాలు కుప్పలు తెప్పలు. 2012లో అయితే సగటున నాలుగు రోజులకో కొత్త ఆమిష్ నవల వచ్చింది, వాలరీ వీవర్-జర్కర్ అనే ఆవిడ మరుసటి ఏడు ఈ నవలల గిరాకీ మీదే ఒక పరిశోధన గ్రంథం రాశారంటే చూసుకోండి. అన్నిటి అట్టల మీదా అదే తెల్ల టోపీ పెట్టుకున్న అమ్మాయి, వెనకాల అదే గోధుమ చేను, దూరంగా అదే గుర్రబ్బండి. కొత్తగా మొదలెట్టేవాళ్లకి ఎవరైనా ముందు చెప్పే పేర్లు రెండు: జానెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' సిరీస్, బెవర్లీ లూయిస్ రాసిన 'ద హెరిటేజ్ ఆఫ్ లాంకాస్టర్ కౌంటీ' సిరీస్. రెండూ మిన్నెసోటాలోని బెథనీ హౌస్ వాళ్లు వేసినవే. మొదటిది 8 పుస్తకాలు, 1979 నుంచి 1989 దాకా వచ్చాయి. రెండోది మూడే, 1997లో మొదలై 1998కల్లా ముగిసింది.

'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ'లో ఆమిష్ వాళ్లు ఎవరూ లేరు, అది పడమటికి బండ్లు కట్టుకుని వలస వెళ్లిన కాలం నాటి కథ. మార్టీ అనే అమ్మాయి భర్తతో కొత్త బతుకు వెతుక్కుంటూ వస్తుంది, దారిలోనే అతను ప్రమాదంలో పోతాడు. అతన్ని పూడ్చిపెట్టిన రోజే క్లార్క్ డేవిస్ అనే ముక్కూమొహం తెలియని రైతు వచ్చి పెళ్లి చేసుకుందామంటాడు. ప్రేమ కాదు, మోజు కాదు, పక్కా అవసరం. అతని భార్య చనిపోయింది, మిస్సీ అనే చంటిపిల్లకి తల్లి కావాలి, ఈవిడకి చలికాలం గడవడానికి ఒక కప్పు కావాలి, పాస్టరు ఇవాళ ఉన్నాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. నీకు ఇక్కడ నచ్చకపోతే వసంతంలో తూర్పుకి వెళ్లే బండ్లతో వెళ్లిపో, ఖర్చు నేనే పెట్టుకుంటా, కానీ పిల్లని కూడా నీతో తీసుకెళ్లాలి అంటాడు. ఆ షరతు వినగానే నాకు ఈ మనిషి మీద గురి కుదిరింది. తన సుఖం కాదు, పిల్లకి తల్లి ఉండటమే అతని లెక్క.

ఇక ఆ ఇంట్లో మార్టీ మొదటి రోజులున్నాయి చూడండి, ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. ఆవిడకి వంట రాదు. వచ్చిందల్లా ప్యాన్‌కేకులు. పొద్దున అవే, మధ్యాహ్నం అవే, మర్నాడు మళ్లీ అవే. క్లార్క్ ఒక్క మాట అనకుండా తినేసి పనికి వెళ్లిపోతాడు, ఆ అనకపోవడమే ఆవిడకి ఇంకా ఉక్రోషం తెప్పిస్తుంది, తిట్టినా బాగుండేది అన్నట్టు. అటు పిల్ల మొండికేస్తుంది, ఇటు కడుపులో చనిపోయిన భర్త బిడ్డ, బయట మంచు. తర్వాత 'మా' (అంటే అమ్మ) గ్రాహం అని అందరూ పిలిచే పెద్దావిడ వచ్చి ఏది ఎలా వండాలో దగ్గరుండి చెప్తుంది, ఆవిడది కూడా ఒకప్పుడు ఇలాంటి పెళ్లే కాబట్టి సానుభూతి మాటలు కాకుండా పనికొచ్చే మాటలు చెప్తుంది. ఇద్దరు ఆడవాళ్లు వంటింట్లో మాట్లాడుకునే ఆ కాసేపట్లో ఉన్నంత ప్రేమ, తర్వాత మొగుడూ పెళ్లాలు నోరు తెరిచి చెప్పుకున్నప్పుడు కూడా లేదు.

ఒక ఇబ్బంది ఉంది. పాత్రల చేత రచయిత్రి పల్లెటూరి యాసలో మాట్లాడించారు, మాటల చివర్లు మింగేసి, అక్షరాలు ఎగ్గొట్టి రాసిన ఇంగ్లీషు అది. ఇంగ్లీషు నవలలు బాగా అలవాటున్నవాళ్లకి కూడా మొదట్లో నోరు తిరగదు. ఒకటి రెండు అధ్యాయాలు ఓపిక పడితే చెవికి అలవాటవుతుంది. 2003లో హాల్‌మార్క్ వాళ్లు దీన్ని టీవీ సినిమాగా తీశారు, కేథరిన్ హైగల్ మార్టీగా చేసింది, చూడటానికి బాగానే ఉంటుంది కానీ అందులో మిస్సీని మాటకి మాట చెప్పే పెద్దపిల్లని చేసేశారు. చంటిపిల్లని ఎత్తుకుని ఊరడించడం వేరు, తల్లిని పోగొట్టుకుని పగబట్టిన పిల్లని మచ్చిక చేసుకోవడం వేరు. సినిమా చూశాం కదా అని పుస్తకం వదిలేయకండి.

మిగతా ఏడింటి సంగతి త్వరగా చెప్పేస్తా. రెండోది ఏళ్లకి ఏళ్లు చకచకా దాటించేస్తుంది, పిల్లలు పుడతారు, పెరుగుతారు, బడి వస్తుంది, మిస్సీకి పెళ్లీడు వస్తుంది. మూడోదాంట్లో ఆ మిస్సీ మొగుడితో ఇంకా పడమటికి బండి కడుతుంది, ఒకప్పుడు మార్టీ పడ్డవే ఇప్పుడు కూతురు పడుతుంది, మొదటి పుస్తకం తర్వాత నాకు నచ్చింది ఇదే. నాలుగోదాంట్లో తల్లీతండ్రీ కూతుర్ని చూడటానికి వెళ్తారు, అక్కడ క్లార్క్‌కి జరిగేది చదివి గట్టిగానే కదిలిపోయాను. ఆ తర్వాత ఐదు నుంచి ఎనిమిది దాకా, చిన్న కూతురు బెలిండా కథ దాకా, సాగదీతే. నాలుగుతో ఆపేస్తే మీకు పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఆమిష్ సిరీస్. 'ద షన్నింగ్' మొదటి పుస్తకం, పేరులోనే కథంతా ఉంది, షన్నింగ్ అంటే సంఘం నుంచి వెలి. 1693లో యాకోబ్ అమ్మాన్ తన మనుషులతో స్విస్ అనాబాప్టిస్టుల (పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలనే క్రైస్తవ శాఖ) నుంచి విడిపోవడానికి పెద్ద కారణాల్లో ఈ వెలి కూడా ఒకటి, అలా విడిపోయినవాళ్లే ఆమిష్ వాళ్లు. కాబట్టి బెవర్లీ లూయిస్ పట్టుకున్నది పైపై రంగు కాదు, ఆ సమాజపు పునాదిరాయినే. ఆవిడ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్ కౌంటీలో పుట్టినావిడే, వాళ్ల అమ్మమ్మ ఓల్డ్ ఆర్డర్ మెనొనైట్ (ఆమిష్ వాళ్లలాంటిదే మరో పాతకాలపు శాఖ) ఇల్లు వదిలి బయటివాణ్ని పెళ్లి చేసుకున్న మనిషి, ఈ నవలకి ప్రేరణ కూడా ఆవిడే.

కేటీ లాప్ కథానాయిక. పెళ్లి కుదిరింది, వరుడు బిషప్పు జాన్ బైలర్, భార్య పోయినవాడు, ఐదుగురు పిల్లలు. కేటీ ప్రేమించిన డేనియల్ ఫిషర్ నీళ్లలో మునిగి చనిపోయాడని ఊరంతా నమ్ముతోంది, అతను నేర్పిన పాటలు, దాచిపెట్టుకున్న గిటార్ ఈవిడకి మిగిలాయి, గిటార్ వాయించడం వాళ్లలో తప్పు. పెళ్లికి ముందు అటక మీద పాత పెట్టె తెరిస్తే గులాబీ రంగు శాటిన్ పసిపాప గౌను కనిపిస్తుంది. ఒకే రంగు ముతక బట్ట, గుండీలకి బదులు గుండుసూదులు పెట్టుకునే ఆ ఇంట్లో శాటిన్ ఏమిటి? కేటీ దాన్ని చేత్తో తడుముతుంది, కిందకి వచ్చి తల్లి రెబెక్కాని అడుగుతుంది, తల్లి మొహంలో రంగు మారుతుంది. ఈ భాగం చాలా బాగా రాశారు. నిజానికి నాకు కేటీ కంటే రెబెక్కా మీదే ప్రాణం కొట్టుకుంది. ఇన్నేళ్లూ కన్నకూతురే అన్నట్టు పెంచి, నోరు తెరిస్తే కూతురు పోతుంది, తెరవకపోతే అబద్ధం, ఎటు చూసినా గొయ్యే. ఆ తర్వాత పెళ్లి రోజున కేటీ చేసే పని, సంఘం వేసే శిక్ష, సొంత ఇంట్లోనే వేరే బల్ల మీద ఒక్కతే కూర్చుని తినడం, ఆ బల్ల సీను అయిపోయాక పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అలాంటి మొదటి పుస్తకం రాసి, రెండోది 'ద కన్ఫెషన్'కి వచ్చేసరికి ఆవిడకి ఏమైందో తెలియదు. కథ న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక సంపన్నుల బంగళాకి వెళ్తుంది, చావుబతుకుల్లో ఉన్న కన్నతల్లి, ఆస్తి మీద కన్నేసిన ఆమె మొగుడు, కూతురి స్థానంలో అద్దెకి తెచ్చిన నటి. సాయంత్రం టీవీ సీరియల్ రాసేవాళ్లకి ఇస్తే పండగ చేసుకుంటారు. చదివించదా అంటే చదివిస్తుంది, రాత్రి రెండింటి దాకా మేలుకుని పూర్తి చేశా, కానీ రెబెక్కా వంటింట్లో ఉన్న బరువు ఈ బంగళాలో ఎక్కడా లేదు. మూడోది 'ద రెకనింగ్' ముడులన్నీ విప్పుతుంది, డేనియల్ సంగతి కూడా తేలుతుంది, మరీ సులువుగా తేలుతుంది అని నా ఫిర్యాదు.

అసలు పెద్ద ఫిర్యాదు వేరే ఉంది, అది ఈ ఒక్క సిరీస్ మీద కాదు, ఆమిష్ నవలల్లో చాలావాటి మీద. రాసేవాళ్లలో ఎక్కువమంది ఎవాంజెలికల్ సంఘాలవాళ్లు (ఎవరికివారు ఏసుని నమ్ముకుంటే మోక్షం ఖాయం అనే ప్రొటెస్టంట్లు), ఆమిష్ వాళ్లు కాదు. దాంతో ఏమవుతుందంటే, కథానాయిక మూడు వందల పేజీలు ఆమిష్ అమ్మాయిగా ఉండి చివర్లో ఒక ప్రార్థన చేసుకుని, నాకు రక్షణ ఖాయం అని తెలిసింది అంటూ ఎవాంజెలికల్ అమ్మాయిలా మాట్లాడుతుంది. ఆమిష్ పెద్దల్లో చాలామంది అలా ఖాయంగా చెప్పుకోవడాన్నే గర్వం అనుకుంటారు, దేవుడి దయ మీద ఆశ ఉంది అంటారు తప్ప అంతకు మించి అనరు. ఆ తగ్గి ఉండటమే వాళ్ల బతుకంతటికీ ఇరుసు, బట్ట దగ్గర్నుంచి బండి దాకా. దాన్ని తీసేసి టోపీలు, గుర్రాలు ఉంచుకుంటే ఇక మిగిలేది అట్ట మీద బొమ్మే.

వెలి విషయంలో కూడా అంతే. నవలల్లో వెలివేస్తే కన్నతల్లి కూడా పలకదు, మొహం తిప్పుకుంటుంది. వాస్తవంలో చాలా ఆమిష్ సంఘాల్లో మాటలు పూర్తిగా ఆగవు, కలిసి ఒకే బల్ల మీద తినరు, ఆ మనిషి చేతి నుంచి వస్తువు తీసుకోరు. నన్నడిగితే ఇదే ఇంకా కష్టం, మాట్లాడుతూనే పళ్లెం దూరంగా పెట్టడం. పైగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే వెలి, తీసుకోకముందే వెళ్లిపోయినవాళ్లకి అది వర్తించదు. పదహారేళ్లు దాటాక పిల్లలకి కాస్త తాడు వదిలే రుమ్‌స్ప్రింగా కాలం గురించి సినిమాలు, నవలలు చేసే హడావుడంతా ఒక ఎత్తు, ఆ చివర్లో బాప్తిస్మానికి మోకరించాలా వద్దా అనే నిర్ణయం ఒక ఎత్తు. కేటీ మెడకి ముడి బిగిసింది అప్పటికే మోకరించింది కాబట్టే, ఆ విషయం మనసులో పెట్టుకుని చదివితే మొదటి పుస్తకం రెండింతలు బరువెక్కుతుంది.

ఆ బతుకు లోపల్నుంచి తెలిసినావిడ రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే లిండా బైలర్ రాసిన 'లిజ్జీ సెర్చెస్ ఫర్ లవ్' సిరీస్ చదవండి. ఆవిడ ఇప్పటికీ ఆమిష్ సంఘంలో ఉన్న మనిషి, సొంత జీవితాన్ని ఆధారం చేసుకుని రాశారు. అందులో శాటిన్ గౌన్లు, దొంగ కూతుళ్లు లేరు. అక్కచెల్లెళ్ల పోట్లాటలు, తిండి యావ, ఇంటి పని మీద విసుగు, పెళ్లంటే భయం. కథ నెమ్మది, కొన్నిచోట్ల మరీ నెమ్మది, మలుపులు కావాలనుకునేవాళ్లకి నచ్చదని ముందే చెప్తున్నా. కానీ ఆ మతం వాళ్లకి చర్చించే విషయం కాదు, తిన్నంత, పడుకున్నంత మామూలు విషయం అని అక్కడే అర్థమవుతుంది.

చిన్న చిన్న వివరాల కోసం చదివే నాలాంటివాళ్లకి లాంకాస్టర్ కథల్లో ఒకటి భలే ఉంటుంది, సెలెరీ అనే కాడల కూర. అక్కడ పెళ్లిళ్లు ఎక్కువగా పంట కోతలయ్యాక నవంబరు ప్రాంతంలో, మంగళవారమో గురువారమో పెట్టుకుంటారు, విందులో సెలెరీ లేకపోతే అది పెళ్లే కాదు. నిశ్చితార్థం మాత్రం బయటికి పొక్కనివ్వరు. అందుకని పెళ్లీడు కూతురున్న ఇంటి తోటలో ఆ ఏడు సెలెరీ వరుసలు ఎక్కువ కనిపించాయంటే ఇరుగుపొరుగుకి అనుమానం, ఎవరూ అడగరు, అందరికీ తెలుస్తుంది. ఇలాంటిది రాసే రచయిత్రికి నేను నాలుగు ఉపదేశాలు కూడా క్షమించేస్తాను. అదే ఆదివారం ఆరాధన దగ్గరికి వచ్చేసరికి చాలామంది రెండు వాక్యాలతో దాటేస్తారు, ఎవరో ఒకరింట్లో బల్లలు వేసుకుని మూడు గంటలు కూర్చోవడం, ఒక్క స్తుతి పాటే ఇరవై నిమిషాలు సాగడం, అందులో ప్రేమించుకున్న ఇద్దరు అటూ ఇటూ వేరువేరు బెంచీల మీద ఉండటం, ఇంత సరుకు చేతిలో ఉండి వదిలేస్తారేమిటో.

కొనే సంగతికి వస్తే, 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' మొదటి పుస్తకానికి నా వైపు నుంచి ఐదుకి నాలుగున్నర, సిరీస్ మొత్తానికి మూడు. అది ఒక్కటే చదివినా కథ పూర్తిగానే ఉంటుంది, కాబట్టి ముందు అదే తీసుకోండి, నచ్చితే మూడు, నాలుగు. 'ద షన్నింగ్'కి నాలుగు, మిగతా రెండింటికీ కలిపి రెండున్నర. కాకపోతే దాన్ని ఒక్కటే కొంటే కథ నడిమధ్యలో వదిలేసి వెళ్తుంది, రెండోది పక్కన లేకుండా మొదలెట్టకండి. పిల్లలకి ఇవ్వొచ్చా అని అడిగేవాళ్లుంటారు, రెండు సిరీస్‌లలోనూ కప్పిపుచ్చాల్సిన పేజీ ఒక్కటీ లేదు, చావులు మాత్రం చాలా ఉన్నాయి. లిజ్జీని చివరికి పెట్టుకోండి, ముందే చదివితే మిగతావి కాస్త చప్పగా అనిపిస్తాయి.