ఏడేళ్లుగా వాడుతున్న థిన్నర్ బీరువా: చూడాల్సింది తలుపే

ఫర్నిచర్ పాలిష్ షెడ్డులో స్టోర్ చూసుకోవడం నా పని. థిన్నర్, టర్పెంటైన్, లక్కర్ లాంటి ఇట్టే అంటుకునే ద్రవాలు రోజూ నా చేతుల మీదుగానే పోతాయి. వీటి కోసం పసుపు రంగు సేఫ్టీ క్యాబినెట్లు రెండున్నాయి. మేం బీరువాలనే అంటాం. మొదటిది చేత్తో మూసేది, ఏడేళ్లు దాటింది. రెండోది వదలగానే తనంతట తానే మూసుకునేది, నాలుగేళ్లయింది. కొలత, రేకు మందం రెండింటికీ ఒకటే. అయినా ఎవరైనా అడిగితే రెండోదే కొనమంటాను.

పసుపు బీరువాలో పెట్టేశాం, ఇక ఫర్వాలేదు అనుకుంటారు చాలామంది. గోడలో రెండు రేకులు, మధ్యలో 38 మిల్లీమీటర్ల గాలి పొర, అంతే. 10 నిమిషాల మంట పరీక్షలో లోపలి వేడి 163 డిగ్రీల సెల్సియస్ దాటకూడదన్నది అమెరికా నియమం. అంటే అది మనుషులు బయటికి పరిగెత్తడానికి దొరికే సమయం. యూరప్ ప్రమాణంలో 90 నిమిషాలు తట్టుకునే రకం కూడా ఉంది. ఏ రకమైనా సరే, తలుపు తెరిచి ఉంటే ఆ నిమిషాలు లెక్కలోకి రావు.

మొదటి బీరువాలో మాకు తేడా వచ్చింది అక్కడే. గొళ్ళెం పైన, కింద, మధ్యలో మూడు చోట్ల పడాలి. నేల కాస్త వాలుగా ఉండటంతో తలుపు కిందికి జారింది. హ్యాండిల్ తిప్పితే టక్కుమని చప్పుడు వచ్చేది, అందరం పడిందనుకునేవాళ్లం. ఒకరోజు కింది అంచులో కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా వచ్చేసింది. కింది గొళ్ళెం పడటమే లేదు! ఎన్నాళ్ల నుంచో తెలియదు. కాళ్ల దగ్గరి స్క్రూలు తిప్పి మట్టం సరిచేస్తే కుదిరింది. అప్పటి నుంచి నెలకోసారి కాగితం పెట్టి చూస్తున్నాను.

రెండోదానికీ ఒక ఇబ్బంది ఉంది. 20 లీటర్ల డబ్బా రెండు చేతులతో ఎత్తుకెళ్తుంటే తలుపు వచ్చి భుజానికి తగులుతుంది. దాంతో కుర్రాళ్లు కింద చెక్కముక్క దూర్చేవారు. కోప్పడితే మానలేదు. పెద్ద డబ్బాలు కింది అరలోకి మార్చి, రోజువారీ వాడకానికి స్ప్రింగ్ మూత ఉన్న చిన్న సేఫ్టీ క్యాన్లు తెప్పించాక చెక్కముక్క మాయమైంది.

దీని గడప గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. తలుపు కింద 5 సెంటీమీటర్ల ఎత్తున కారిపోని గడప ఉంటుంది. ఓ ఉదయం తలుపు తీయగానే ఘాటు గుప్పుమంది. థిన్నర్ డబ్బా అడుగు అతుకు దగ్గర విడిపోయింది. లీటరుకు పైగా కారి, అరల మీంచి జారి అడుగున నిలిచింది. బయట నేల మాత్రం పొడిగానే ఉంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడే పాకుతుంది. నిప్పురవ్వలు రేపే మా కటింగ్ మెషిన్ అక్కడికి పది అడుగుల దూరంలోనే. ఆరోజు నాకు పట్టిన చెమట ఇంకా గుర్తుంది. ఆ మూల పెయింట్ లేచిపోయింది, తుప్పు పట్టకుండా మళ్లీ వేయించాం. కటింగ్ మెషిన్‌ను షెడ్డు అవతలి కొసకు మార్పించాను.

పక్కల ఉండే గాలి రంధ్రాలకు బిరడాలు తీయలేదు. బయటికి పోయే పైపు లేకుండా వాటిని తెరిస్తే లాభం లేదు, పైగా మంటకు దారి. యాసిడ్లు దీంట్లో పెట్టనివ్వను. అవిసె నూనె తుడిచిన గుడ్డపేలికలు అసలే వద్దు, కుప్పగా పడి ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. వాటికి మూత ఉన్న ఇనప డబ్బా వేరే ఉంది, సాయంత్రం షెడ్డు మూసేలోపు ఖాళీ చేయిస్తాను.