అకౌంట్స్ టేబుల్ దగ్గర్నుంచి చూస్తే 'ది ఆఫీస్'

'ది ఆఫీస్' అనే అమెరికా కామెడీ సీరియల్ గురించి ఎవరు మాట్లాడినా మేనేజర్ మైకేల్ స్కాట్‌తోనే మొదలుపెడతారు. స్టీవ్ కరెల్ బాగా చేశాడు, కాదనను. కానీ గుంటూరులో ఒక మిర్చి కమిషన్ షాపులో లెక్కలు రాసే నాకు కళ్లన్నీ ఆ మూల కూర్చునే ముగ్గురి మీదే. ఆస్కార్, ఏంజెలా, కెవిన్. అకౌంట్స్ సెక్షన్.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, స్క్రాంటన్ ఊరు, కాగితం అమ్మే ఒక కంపెనీ బ్రాంచి. అక్కడి ఉద్యోగుల మీద ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడుస్తుంది. 2005 నుంచి 2013 దాకా తొమ్మిది సీజన్లు, 201 ఎపిసోడ్లు. ముందు ఇంగ్లండులో వచ్చిన సీరియల్‌నే అమెరికా వాళ్లు తమ పద్ధతిలో తీసుకున్నారు. వెనక నవ్వుల టేపు వినిపించదు. మా ఆయన ఒక ఎపిసోడ్ చూసి, "ఇంతకీ కామెడీ ఎప్పుడొస్తుందే?" అని లేచిపోయారు.

నాకు కామెడీ అంటే ఐదో సీజన్లోని 'ద సర్‌ప్లస్'. బ్రాంచి బడ్జెట్లో 4,300 డాలర్లు మిగిలాయి. సాయంత్రంలోగా ఖర్చు పెట్టకపోతే వచ్చే ఏడాది బడ్జెట్లో ఆ మేరకు కోత పడుతుంది. నిధులు మురిగిపోతాయని మార్చి నెలాఖరులో మన ఆఫీసుల్లో పడే హడావిడే ఇది. మైకేల్‌కి ఈ లెక్క బుర్రకెక్కదు. ఆస్కార్ విడమరిచి చెప్తాడు, మళ్లీ చెప్తాడు, చివరికి నిమ్మరసం అమ్ముకునే పిల్లాడి కథగా మార్చి చెప్తాడు. అప్పుడు అతని మొహం చూడాలి! జీఎస్టీ ఎందుకు కట్టాలో మా సార్‌కి మూడోసారి చెప్పేటప్పుడు నా మొహమూ అలాగే ఉంటుందట. మా క్యాషియర్ అబ్బాయి అన్నాడు. సరే, డబ్బు ఉంది. కొత్త జిరాక్స్ మిషను కొందామని ఆస్కార్ వర్గం, కుర్చీలు కొందామని రిసెప్షనిస్టు పామ్ వర్గం. ఈలోగా ఖర్చు పెట్టకుండా వదిలేస్తే అందులో 15 శాతం తనకే బోనస్‌గా వస్తుందని మైకేల్‌కి తెలుస్తుంది. అంటే 645 డాలర్లు. లెక్క ఎక్కనివాడికి అది మాత్రం చటుక్కున ఎక్కుతుంది.

కెవిన్ సంగతి ఇంకో రకం. లెక్క టాలీ కానప్పుడల్లా 'కెలెవెన్' అని లేని అంకె ఒకటి పుట్టించి సరిచేసేవాడని చివరి ఎపిసోడ్లో బయటపడుతుంది. తేడా వచ్చిన మొత్తాన్ని, ఎక్కడ తప్పిందో తేలేదాకా పక్కన పెట్టే సస్పెన్స్ అకౌంట్లో పడేసి చేతులు దులుపుకునే వాళ్లని చాలామందిని చూశాను గానీ, కొత్త అంకెనే కనిపెట్టినవాడు వీడొక్కడే.

రాసేవాళ్లలో కొందరు నటులు కూడా. కెల్లీ కపూర్‌గా వేసిన మిండీ కేలింగ్ మూడో సీజన్లో దీపావళి ఎపిసోడ్ రాసింది. మన పండగని వెక్కిరిస్తారేమోనని కాస్త భయపడుతూ చూశాను. నవ్వంతా మైకేల్ తెలివితక్కువతనం మీదే నడిచింది. హాయిగా ఉంది.

అన్నీ బాగున్నాయనను. మైకేల్ ఏడో సీజన్ చివర్లో వెళ్లిపోతాడు, ఎనిమిదో సీజన్ ఈడుస్తూ సాగుతుంది. ఆరో సీజన్లో 'స్కాట్స్ టాట్స్' అని ఒకటుంది. చదివిస్తానని పిల్లలకి ఎప్పుడో మాటిచ్చి, డబ్బు లేక వాళ్ల ముందు నిలబడతాడు మైకేల్. నవ్వు రాదు సరికదా టీవీ కట్టేయాలనిపిస్తుంది. రెండర్థాల మాటలూ ఎక్కువే, అత్తగారితో కూర్చుని చూడొద్దు. 2019లో హాట్‌స్టార్‌లో వచ్చిన హిందీ 'ది ఆఫీస్' కూడా కొంత చూశాను. ఫరీదాబాద్‌లో పెట్టారన్న మాటే గానీ, చాలాచోట్ల అమెరికా సీన్లే మక్కికి మక్కి దించారు.

మొదలుపెట్టేవాళ్లకి నా సలహా: రెండో సీజన్‌తో ఎత్తుకోండి. మొదటి సీజన్లో ఉన్నవి ఆరు ఎపిసోడ్లే. అందులో మైకేల్ మరీ చిరాకు మనిషి. అలవాటయ్యాక వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.