"గ్లూటెన్ ఫ్రీ" స్టిక్కర్ చూసి చిరుధాన్యాల పిండి కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

సీలియాక్ జబ్బు (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు, ఇంట్లో సీలియాక్ పిల్లలున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. మిగతావాళ్లకి దీనితో పెద్ద పని లేదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీకి వెళ్లినా ఒక మిల్లెట్ షాపు ఉంటోంది. అలాంటి ఒక షాపులో "100% గ్లూటెన్ ఫ్రీ" అని అంటించి అమ్మిన జొన్నపిండి, కొర్రపిండి వాడి మా అమ్మాయి మళ్లీ జబ్బు పడింది. కడుపుబ్బరం, విరేచనాలు, నోట్లో పుండ్లు, అన్నీ తిరగబెట్టాయి. ఈ జబ్బుకి చేసే టీటీజీ రక్తపరీక్షలో తగ్గుతూ వస్తున్న విలువ మళ్లీ పైకెక్కింది. షాపు పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క షాపు మానేసి పక్క షాపులో కొంటారు, పక్కవాళ్లూ పిండి పట్టించేది అలాంటి గిర్నీలోనే.

అన్నం తినే ఇల్లు కాబట్టి గోధుమ మానడం మాకు మరీ కష్టం కాలేదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, రాగిసంకటి, ఉప్పుడుపిండి, ఇవేవీ మార్చక్కర్లేదు. చిక్కల్లా రాత్రిపూట చపాతీ దగ్గర, స్కూలు బాక్సు దగ్గర. వాటి కోసమే జొన్నపిండి. బయట దొరికేదానికి మూడింతల ధర పెట్టి, స్టిక్కర్ ఉందనే నమ్మకంతో కొన్నాం.

పిల్లకి తిరగబెట్టాక డాక్టరు ఇంట్లో వాడే ప్రతి వస్తువూ రాసుకుని రమ్మన్నారు. తీసేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది ఆ పిండే. షాపుకెళ్లి అడిగితే యజమాని నొచ్చుకున్నాడు. "గోధుమ గింజ కూడా కలపలేదు మేడమ్, ఒట్టు. కావాలంటే మా గిర్నీకి వచ్చి చూస్కోండి" అన్నాడు. వెళ్లాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఎవరూ ఏమీ కలపడం లేదు. షాపు వెనక సందులో ఒకటే గిర్ని. నేను వెళ్లేసరికి ఎవరివో గోధుమలు ఆడుతున్నాయి. అవి అయిపోగానే, మర ఆపకుండా, పైన గరాటులో జొన్నలు గుమ్మరించాడు అక్కడి కుర్రాడు. కింద గుడ్డ గొట్టంలోంచి ముందు వచ్చిన పిండి రంగే వేరు. దోసెడు దాకా అలా వచ్చాక అసలు జొన్నపిండి మొదలైంది. ఆ దోసెడు పక్కకి తీస్తాడేమో అని చూశాను. అదే డబ్బాలోకి వెళ్లిపోయింది. అడిగితే, "కొంచెమే కదక్కా, కలిసిపోతది, ఏం కాదు" అన్నాడు. మామూలు ఇళ్లకి నిజంగానే ఏం కాదు. మన అమ్మమ్మలు బియ్యప్పిండి పట్టించేటప్పుడు "గోధుమల తర్వాత వెయ్యొద్దు, బియ్యం ఆడాకే వెయ్యి" అని గిర్నీ అతనితో పోట్లాడేవాళ్లు. వాళ్ల బాధ అరిసెలు పాడవుతాయని. మా బాధ పిల్ల పేగులు పాడవుతాయని.

ఆ "కొంచెం" ఎంతో లెక్క చూడండి. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. గోధుమపిండిలో ఇంచుమించు పదోవంతు గ్లూటెనే. అంటే కిలో జొన్నపిండిలో పావు గ్రాము గోధుమపిండి పడినా గీత దాటినట్టే. పావు గ్రామంటే వేళ్లకి అంటిన చిటికెడు. అక్కడ కలిసింది దోసెడు. ఇక గిర్నీ గోడలకీ, బెల్టుకీ, జల్లెడకీ, ఆ కుర్రాడి చొక్కాకీ పట్టిన తెల్లటి దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. జొన్నలో గ్లూటెన్ లేదన్నది నిజం. ఆ మరలోంచి వచ్చిన జొన్నపిండిలో లేదని ఎవరూ చెప్పలేరు.

పరీక్ష రిపోర్టు ఉందా అని షాపు యజమానిని వాట్సాప్‌లో అడిగాను. వెంటనే ఒక పీడీఎఫ్ పంపాడు. తెరిస్తే ప్రోటీన్ ఎంత, పీచు ఎంత, ఐరన్ ఎంత అని ఉంది. గ్లూటెన్ అన్న మాటే లేదు. అది చెప్తే "మిల్లెట్స్‌లో గ్లూటెన్ ఉండదు మేడమ్, గూగుల్ చెయ్యండి" అని జవాబు. డబ్బులు వాపసు అడిగితే తెరిచిన ప్యాకెట్ వెనక్కి తీసుకునేది లేదన్నాడు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

ఆయన మీద కోపం కంటే నాకు అర్థమైంది ఒకటుంది. అమ్మేవాళ్లలో చాలామందికి గ్లూటెన్ ఫ్రీ అంటే బరువు తగ్గేవాళ్లు, షుగర్ వాళ్లు వాడే ఫ్యాషన్ తిండి. ఆ కొనేవాళ్లకి చిటికెడు గోధుమతో వచ్చే నష్టమేమీ లేదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. మనవాళ్లలో ఈ జబ్బూ అరుదే. ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాది పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన వెయ్యికి ఎనిమిది మందికి పైగా సీలియాక్ ఉంటే, దక్షిణాదిన పదివేలకి ఒక్కరు తేలారు. ఆ ఒక్కరి కోసం వేరే గిర్ని ఎవరు పెడతారు? పెట్టకపోతే పోనీ, ఆ స్టిక్కర్ అంటించడం మానేస్తే చాలు.

కొనేముందు ఇవి అడగండి. పిండి పట్టే మర దేనికి వాడతారు, అదే మరలో గోధుమ, బార్లీ ఆడతారా? గ్లూటెన్ పరీక్ష రిపోర్టు ఉందా, అందులో గ్లూటెన్ ఎంతో అంకె వేసి ఉందా, ఏ బ్యాచ్‌ది? ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉందా? నంబరు ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల లైసెన్సుల సైటు ఫాస్‌కాస్‌లో కొట్టి చూడొచ్చు. అయితే నంబరు ఉన్నంత మాత్రాన గ్లూటెన్ పరీక్ష జరిగినట్టు కాదు, వ్యాపారం నమోదైందని మాత్రమే అర్థం. అన్నిటికంటే ముందు ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు. "గోధుమ ఆడే చోటే తయారైంది" అని వెనక రాసి, ముందు గ్లూటెన్ ఫ్రీ అని పెద్దగా వేసినవి నేనే చూశాను.

ఈ గొడవ తర్వాత వంటగదిలో డబ్బాలన్నీ తిరగేస్తే ఇంకొన్ని తెలిశాయి. మొదటి దొంగ ఇంగువ. డబ్బాల్లో దొరికే ఇంగువ పొడి సాధారణంగా జిగురు, పిండి కలిపిన సరుకు, ఆ పిండి చాలాసార్లు గోధుమదే. పులిహోర అంటే అన్నమే కదా అనుకుంటాం, తిరగమోతలో ఇంగువ పడుతుంది. పెళ్లిలో సాంబారు, చారు, కొన్ని పచ్చళ్లు అంతే. బియ్యప్పిండితో చేసిన ఇంగువ విడిగా దొరుకుతోంది, అది తెచ్చుకోండి. రాగి బిస్కెట్లంటారు, చాలావాటి పదార్థాల జాబితాలో మొదటి పేరు గోధుమపిండి. "నో మైదా" అని ఉంటే మరీ జాగ్రత్త, మైదా బదులు వేసింది చాలాసార్లు గోధుమపిండే. కార్న్‌ఫ్లేక్స్‌లో రుచికి వేసే మాల్ట్ బార్లీది. మిల్లెట్ నూడుల్స్ చాలావాటిలో గోధుమ కూడా ఉంటుంది. రోడ్డు పక్క జొన్నరొట్టె బండ్ల దగ్గర పుల్కా, జొన్నరొట్టె ఒకే పెనం మీద కాలుస్తారు. రొట్టె విరగకుండా కొందరు గోధుమపిండి కూడా కలుపుతారు.

మేమిప్పుడు పిండి కొనడం లేదు. గింజలే తెచ్చి పళ్లెంలో పరిచి ఏరుతున్నాం. ఏరితే గుండ్రటి జొన్నల మధ్య నడుమ గాటున్న పొడుగు గోధుమ గింజలు ఎప్పుడో ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. కడిగి, ఆరబెట్టి, ఇంట్లో చిన్న మరలో ఆడుకుంటాం. మర కొనేవాళ్లు కొత్తదే కొనండి. పాతది సగం ధరకి వస్తుంది కానీ అందులో ఏళ్లుగా గోధుమే ఆడి ఉంటుంది, ఎంత దులిపినా రాళ్ల సందుల్లో మిగిలే ఉంటుంది.

ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మీకూ ఇలాగే జరిగితే బిల్లు, ప్యాకెట్ ముందూ వెనకా ఫోటోలు, మిగిలిన పిండి దాచి ఉంచండి. పిండి పారేస్తే చేతిలో ఆధారం ఉండదు. డబ్బుల విషయానికైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇంకొకటి. ఇంట్లో ఒకరికి సీలియాక్ తేలితే తల్లిదండ్రులకి, తోబుట్టువులకి కూడా టీటీజీ చేయించమంటారు. అది గోధుమ తింటూ ఉండగానే చేయించాలి. మానేసి కొన్ని నెలలైతే జబ్బు ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. మా అబ్బాయి వచ్చే వారం ఈ పరీక్షకి రక్తం ఇవ్వాలి. అందుకే వాడికి మాత్రం ఇంకా గోధుమ చపాతీలే, వేరే పెనం మీద, వేరే పీట మీద.